గుర్తులు చూసి కొట్టమను

సంఘంలో అతన్ని అందరూ కాగితాలాయన అనేవారు. మొహం మీద కాదు లెండి, వెనకాల. మొహం మీద మాత్రం కార్యదర్శి గారూ అంటూ గౌరవంగానే పిలిచేవారు. చెట్టును నరికి, గుజ్జు చేసి, కాగితంగా మార్చి చేతికిస్తే తప్ప ఆయనకు చెట్టు కనిపించదని వాళ్ల వేళాకోళం. అందులో పెద్ద అబద్ధమూ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ కొండ కింద రేకుల కప్పున్న ఆఫీసు గదిలో కూర్చుని, కొండ మీది చెట్ల గురించి కొన్ని వేల కాగితాలు నింపాడు గాని, వాటిలో ఏది ఏ చెట్టో చూపించమంటే తెల్లమొహం వేసేవాడు.

ఆ కాగితాలు లేకపోతే సంఘమే లేదన్నదీ అంతే నిజం. అరవై కుటుంబాలు కలిసి ఆ కొండను కౌలుకు తీసుకుని, ఏడాదిలో పెరిగినంతకు మించి కొట్టకూడదని, కొట్టిన చోట ఆ కొండ గింజతోనే మళ్లీ మొక్క వెయ్యాలని కట్టుబాటు పెట్టుకుని మొదలుపెట్టిన సంఘం అది. నలభై ఏళ్లు గడిచేసరికి పదిహేడు మంది మిగిలారు. అందరిలోకీ చిన్నవాడికి నలభై ఎనిమిదేళ్లు, అతన్ని ఇంకా కుర్రాడనే పిలిచేవారు. పక్క కొండలను నున్నగా గొరిగి అమ్మేవాళ్లు సగం ధరకే కలప ఇస్తుంటే, వీళ్ల దగ్గరికి వచ్చిన వ్యాపారులు మీ పద్ధతి చాలా గొప్పదండీ అని మెచ్చుకుని, టీ తాగి, పక్క కొండ వాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవారు. అడవిని బతికిస్తూ కలప తీస్తున్నారని చెప్పే సర్టిఫికెట్ ఒక్కటే వీళ్లకున్న బలం. వెయ్యి మంది పనిచేసే కంపెనీ అయినా, పదిహేడు మంది నడుం వంగిన వాళ్లయినా దానికి నింపాల్సినవి మాత్రం నూట ఇరవై పేజీలే. అవన్నీ కాగితాలాయన ఒక్కడే నింపేవాడు. ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు.

కొండ మీది సంగతంతా అతని అక్కది. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, అక్కకు పదహారు. ఆమె రంపం పట్టుకుని అడవికి వెళ్లింది, తమ్ముణ్ణి పలక ఇచ్చి బడికి పంపింది. తనకంటూ వేరే సంసారం పెట్టుకోలేదు. ఇప్పుడామెకు అరవై ఎనిమిది. ఆఫీసు వెనకున్న రెండు గదుల్లో గింజల డబ్బాల మధ్య ఒక్కతే ఉండేది. అందరూ గింజలక్క అనేవారు, వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా.

కొండ పైవాలులో నలభై ఒక్క తల్లిచెట్లు ఉండేవి. నిటారుగా, జబ్బు ఎరగకుండా, నూరేళ్లు దాటి పెరిగినవి. నాలుగైదేళ్లకోసారి అవి మాత్రమే గింజ రాలుస్తాయి, మిగతా చెట్లు ఇంకా ఆ వయసుకు రాలేదు. ఆ గింజతోనే సంఘం నారు పోసేది. ఏ చెట్టు గింజ తొందరగా మొలుస్తుందో, ఏ చెట్టు పిల్లలు ఎండకు తట్టుకుంటాయో అక్కకు వేళ్ల మీద లెక్క. వానలు వెనకబట్టగానే ప్రతి ఏడూ బకెట్టు పట్టుకుని ఎక్కి, నడుము ఎత్తున చెట్టు చుట్టూ అరచెయ్యి వెడల్పున సున్నంతో తెల్లపట్టీ వేసి వచ్చేది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. అడవి పనిలో ఎక్కడైనా సరే, చెట్టుకు గుర్తు పెట్టారంటే దాని రోజులు దగ్గరపడ్డట్టే. ఈ సంఘంలో మాత్రం గుర్తు పెట్టారంటే దాని జోలికి పోకూడదని. మొదట్లో సున్నానికి కూడా కరువైన రోజుల్లో, కొట్టేవి వందలు ఉంటాయి, ఉంచేవి కొన్నే కదా, ఉంచేవాటికే పూద్దాం అనుకున్నారు. నలభై ఏళ్లుగా పనిచేసిందంతా సొంత మనుషులే కాబట్టి ఈ పద్ధతి లోకానికి తలకిందులని ఎవరికీ తట్టలేదు. వాళ్లకదే లోకం.

ఆ ఏడాది ఒక ఆర్డరు వచ్చింది. బడులకు బల్లలు చేసే కంపెనీ ఒకటి సర్టిఫికెట్ ఉన్న కలపే కావాలని వెతుక్కుంటూ వచ్చింది. ఆరు వారాల్లో మొదటి సరుకు అందిస్తే అయిదేళ్ల ఒప్పందం రాసుకుంటామన్నారు. ఆ ఒప్పందం కుదిరితే సంఘం ఒడ్డున పడుతుంది. కుదరకపోతే వచ్చే ఏడాది కౌలు కట్టడానికి దారి లేదు. ఈ రెండు ముక్కలూ కాగితాలాయన సమావేశంలో ఏమీ దాచకుండా చెప్పాడు. పదిహేడు మంది చేతులతో, రెండు రంపాలతో ఆరు వారాల్లో అంత సరుకు తియ్యడం అయ్యే పని కాదని అందరికీ తెలుసు. చెట్లు కోసే మిషన్ ఒకటి, దాని డ్రైవర్‌తో సహా, బయటినుంచి తెప్పించడం ఒక్కటే మార్గమని తేల్చారు.

అక్క ఆ సమావేశానికి రాలేదు. గింజ కోయడానికి ఎక్కిన నిచ్చెన జారి పది రోజుల ముందే తుంటి కింద ఎముక విరగ్గొట్టుకుంది. నడుము దాకా కట్టు కట్టి, రెండు నెలలు మంచం దిగకూడదన్నారు. మిషన్ మాట చెప్పడానికి తమ్ముడే ఆమె గదికి వెళ్లాడు. ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు. మిషన్‌కు చేతులే గాని కళ్లుండవని, చిన్న మొక్కల్ని తొక్కుకుంటూ పోతుందని వాదించింది. అతను కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, కౌలు సంగతి ఆమెకు మళ్లీ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. చివరికి ఆమె గింజల డబ్బాల వంక చూస్తూ మెత్తబడింది.

"సరే, రానివ్వు. ఒక్క మాట మాత్రం ఆ డ్రైవర్‌కి నువ్వే స్వయంగా చెప్పు. ఇంకెవరిచేతా కాదు. గుర్తులు చూసి కొట్టమను," అంది.

"చెప్తానక్కా."

"ఉన్నదున్నట్టు చెప్పు. నీ కాగితాల భాషలో కాదు."

అతను ఉన్నదున్నట్టే చెప్పాడు. నాలుగు రోజులకు, పొద్దున్నే కొండ కింద లారీలోంచి మిషన్ దించుతుంటే, చంకలో పర్మిట్ల ఫైలుతో డ్రైవర్ దగ్గరికి వెళ్లాడు. డ్రైవర్ యాభై ఏళ్ల మనిషి, నెమ్మదైనవాడు, చేతికి నూనె మరకలున్నాయని దణ్ణం కూడా దూరంనుంచే పెట్టాడు. కొట్టాల్సిన పైవాలు చూపించి, మా అక్క ఒక్క మాట చెప్పమంది, గుర్తులు చూసి కొట్టండి అన్నాడు. చూడకుండా ఎలా కొడతాం సార్, చూసే కొడతాం అని డ్రైవర్ నవ్వాడు. ఆ జవాబు కాగితాలాయనకు బాగా నచ్చింది. ఆఫీసుకు వచ్చి అక్కకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలనుకున్నాడు గాని ఆమె మందు వేసుకుని నిద్రపోతోంది. తరవాత లారీల పర్మిట్ల గొడవలో పడి ఊపిరి సలపలేదు.

సభ్యులంతా కిందవాలులో కొమ్మలు కొట్టే పనిలో ఉన్నారు. పైవాలులో మిషన్ ఒక్కటే. మూడోరోజు మధ్యాహ్నం మొదటి లారీ దుంగలు యార్డులో దించారు. కాగితాలాయన టేపు తీసుకుని కొలతలు రాసుకోవడానికి వెళ్లాడు. ఇంత లావు, ఇంత తిన్నటి దుంగలు ఆ యార్డులో ఎన్నడూ పడలేదు. దుంగ మొదట్లో తెల్లపట్టీ ఒకటి కనిపించింది. నిజం చెప్పొద్దూ, అది చూసి అతనికి ముందు ఏమీ అనిపించలేదు. చుట్టుకొలత ఆ పట్టీ మీదుగా తీసుకుంటే తేలిగ్గా ఉంటుందనుకుని టేపు అక్కడే చుట్టాడు కూడా.

సంఘానికి అధ్యక్షుడు రంపం మావయ్య అని ఒకాయన ఉండేవాడు. డెబ్బై నాలుగేళ్లు, ఆ అరవై కుటుంబాల్లో మొదటిది ఆయనదే. ఆయన భోజనం ముగించుకుని యార్డులోకి వచ్చి, ఆ పట్టీ మీద బొటనవేలితో రుద్ది, వేలికంటిన సున్నం చూసుకుని, దుంగ పక్కన నేలమీదే కూలబడిపోయాడు. అప్పుడు కాగితాలాయన చేతిలో టేపు వదిలేసి కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆ దారిన అతను ఎక్కి ఎన్నాళ్లయిందో. రొప్పుకుంటూ పైవాలు చేరేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. నీడ ఉండాల్సిన చోటంతా ఎండ పడుతోంది. మామూలు చెట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, మధ్యమధ్య పచ్చిమోళ్లు, చుట్టూ రంపపుపొట్టు. డ్రైవర్ మిషన్ ఆపి, మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"నలభై ఒకటీ అయిపోయాయి సార్. మిగతా చెట్లకి గీత కూడా పడనివ్వలేదు, కావాలంటే చూసుకోండి," అన్నాడు. మంచి పని చేసినవాడి సంబరం అతని మొహంలో ఉంది.

రాళ్లు చూసి నడవమంటే రాళ్ల మీద నడవమని కాదు. చీటీ చూసి సరుకులివ్వమంటే చీటీలో ఉన్నవే ఇవ్వమని. రెండింట్లోనూ 'చూసి' ఒక్కటే. అక్క చెప్పింది మొదటి రకం, డ్రైవర్ విన్నది రెండో రకం. మధ్యలో ఆ మాటను మోసుకెళ్లినవాడు మాటలతోనే బతుకుతున్నవాడు, ఒక్క అక్షరం తప్పితే కాగితం చించి మళ్లీ రాసేవాడు. అతనికీ తట్టలేదు. అక్క చెప్పింది కాబట్టి, చిన్నప్పటినుంచీ ఆమె మాట ఆమె మనసులో ఉన్నట్టే అర్థమయ్యే మనిషి కాబట్టి, దానికి ఇంకో అర్థం ఉండొచ్చని కలలో కూడా అనుకోలేదు.

సంగతి అర్థమయ్యాక డ్రైవర్ మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. మీరే కదా సార్ చూసి కొట్టమన్నారు అని రెండుసార్లు అన్నాడు, రెండోసారి ఏడుపు గొంతుతో. కాగితాలాయన ఒక మోడు మీద కూర్చున్నాడు. కోసిన చోట ఇంకా తడిగా ఉంది. చెట్ల కోసం ఏడవాలో, సంఘం కోసం ఏడవాలో అతనికి తెలియలేదు. ఉన్నట్టుండి అక్క గుర్తొచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్తే ఆమె ఏమంటుందో అతనికి తెలుసు. నీ తప్పేముందిరా, నేను చెప్పిందే నువ్వు చెప్పావు అంటుంది. అని ఊరుకుంటుంది. ఆ తరవాత కట్టు కట్టుకుని ఆ మంచం మీద పగలూ రాత్రీ ఆ మాటనే నమిలి నమిలి మింగుతుంది. తన నోటి మాటే తన చెట్లను నరికిందని తెలిశాక ఆ మనిషి బతకదు. బతికినా బతికినట్టు ఉండదు.

"ఒక సంగతి చెప్తాను వినండి," అన్నాడు డ్రైవర్‌తో. "ఆ మాట నేను మీకు చెప్పలేదు. చెప్పడం మర్చిపోయాను. ఎవరడిగినా మీరు ఇదే చెప్పాలి."

"అట్లా అంటే అంతా మీ మీదికే వస్తుంది కదా సార్."

"రానివ్వండి. అది ఆవిడ మాట. ఆవిడ మీదికి పోకూడదు."

డ్రైవర్ తల ఊపాడు. ఆ ఏడాదంతా అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు.

కొండ దిగి, మొహం కడుక్కుని, అక్క గదిలోకి వెళ్లాడు. ఆమె ఒళ్లో పళ్లెం పెట్టుకుని పుచ్చు గింజలు ఏరుతోంది. మిషన్ చప్పుడు ఆగిపోయిందేం అని అడిగింది. అతను నిలబడే చెప్పాడు. మొదట ఆమెకు అర్థం కాలేదు, నవ్వబోయింది. తరవాత చేతిలో గింజలు పళ్లెంలో వదిలేసింది.

"ఎన్ని?"

"అన్నీ అక్కా."

"నువ్వు చెప్పలేదా?"

"లేదు. ఆ పొద్దున పర్మిట్ల హడావుడిలో మర్చిపోయాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. నమ్మదేమోనని అతను భయపడ్డాడు. నమ్మింది. కొండ మీది చెట్లు తమ్ముడికి ఎప్పుడూ పట్టవని ఆమె ఎన్నాళ్లుగానో లోలోపల అనుకుంటూనే ఉన్నట్టుంది. అంత తేలిగ్గా నమ్మినందుకు అతని ప్రాణం చివుక్కుమంది. ఇక్కణ్ణించి వెళ్లు అని మాత్రం అని, ఆమె గోడ వైపు తిరిగే వీలు లేక కళ్లు మూసుకుంది.

బల్లల కంపెనీ వాళ్ల ఉత్తరం వారం తరవాత వచ్చింది. ఇంత మేలైన కలప తాము ఇంతవరకూ చూడలేదని, రెండో సరుకు కూడా ఇలాంటిదే పంపమని రాశారు. రంపం మావయ్య ఆ ఉత్తరం చదివించుకుని, చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోయాడు.

తరవాతి వారం సర్టిఫికెట్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. కొండెక్కి మోళ్లు లెక్కపెట్టింది, ఫొటోలు తీసుకుంది. మంచి మనిషే. ఇరవై రెండేళ్ల ఫైళ్లు చూసి, ఇన్నిటికి రాతపూర్వకంగా రుజువులున్నాయి, ఈ ఒక్క ఆదేశానికి ఎందుకు లేదని మెత్తగానే అడిగింది. జరిగిన పొరపాటుకు కారణం అని ఫారంలో ఒక గడి ఉంది. దానిలో కాగితాలాయన తన గుండ్రటి దస్తూరీతో 'కార్యదర్శి మతిమరుపు' అని తానే రాసి, కింద సంతకం చేశాడు. సొంత గింజ లేని అడవికి సర్టిఫికెట్ ఇవ్వడం నిబంధనల్లో లేదు. అది రద్దయింది. సర్టిఫికెట్ లేదని తెలిసి బల్లల కంపెనీ కూడా ఒప్పందం మాట ఎత్తలేదు.

సమావేశంలో అతన్ని తీసెయ్యాలని తీర్మానం పెట్టారు. ఎవరూ పెద్దగా తిట్టలేదు. కుర్రాడు మాత్రం, నలభై ఏళ్లుగా మేము కాపాడుకున్నది నీకు జ్ఞాపకం లేకుండా పోయిందా అని అడిగి, సమాధానం వినకుండానే బయటికి పోయి నిలబడ్డాడు. అక్కను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తమంటే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొదట లేచిన చెయ్యి ఆమెది.

ఇంట్లో భార్య అతనికి నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మీరు ఎక్కడా గొడుగు కూడా మర్చిపోయి రాలేదు అంది. అతను నీళ్లు తాగాడు. ఆ రోజునుంచి ఆమె ఆఫీసు వైపు వెళ్లే దారి మాట కూడా ఇంట్లో ఎత్తకుండా జాగ్రత్తపడింది.

డబ్బాల్లో మిగిలిన గింజతో ఒక్కసారి నారు పోశారు. అంతే. మామూలు చెట్లు ఉన్నాయి గాని సర్టిఫికెట్ లేని కలపగా వాటిని అమ్మాలంటే పక్క కొండల ధరకే అమ్మాలి, ఆ ధరకు అమ్మాలంటే పక్క కొండల్లాగే కొట్టాలి. దానికి పదిహేడు మందిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. సంఘం మూసేసి కొండను తిరిగి అప్పజెప్పెయ్యడమే మేలనుకున్నారు. మూసెయ్యడానికి కూడా బోలెడు కాగితాలు కావాలి. కొత్త కార్యదర్శికి అవి కొరుకుడు పడక, తీసేసిన మనిషినే వచ్చి బతిమాలుకున్నాడు. కాగితాలాయన మారుమాట్లాడకుండా ఇరవై రోజులు కూర్చుని అన్నీ తయారుచేశాడు. సభ్యులందరి సంతకాలూ ఇళ్లకు వెళ్లి పెట్టించుకొచ్చాడు. చివరికి ఒక్క సంతకం మిగిలింది.

అక్క గదిలో లేదు. కట్టు విప్పి ఆరు నెలలు దాటింది, కర్ర ఊతంతో నడుస్తోంది. పైకి వెళ్లి ఉంటుందని రంపం మావయ్య చెప్పాడు. అతను ఫైలు పట్టుకుని ఎక్కాడు. పొద్దుటి ఎండలో పైవాలు నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఒక మోడు మీద కూర్చుని, పక్కన కర్ర ఆనించుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉంది. అతన్ని చూసి లేవలేదు, మొహం తిప్పుకోనూ లేదు. ఎనిమిది నెలలుగా వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు.

అతను ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. ఆమె కాగితం తొడ మీద పెట్టుకుని, బడికి వెళ్లని మనిషి రాసే పెద్దపెద్ద అక్షరాలతో మెల్లగా పెట్టింది. ఆ అక్షరాలు ఆమెకు నేర్పింది అతనే, రెండో తరగతిలో ఉండగా. పెన్ను తిరిగి ఇవ్వకుండా చేతిలోనే ఉంచుకుంది.

"చిన్నప్పుడు నిన్ను దుకాణానికి పంపి ఏడెనిమిది వస్తువులు చెప్పేదాన్ని. దారిలో వల్లె వేసుకుంటూ పోయేవాడివి. ఒక్కటి మర్చిపోయి రాలేదు ఏనాడూ," అంది. "మంచం మీద పడుకుని అదే ఆలోచిస్తూ ఉన్నాను. ఒరే, నిజం చెప్పు. నువ్వు నిజంగానే చెప్పలేదా?"

ఎనిమిది నెలల తరవాత ఒరే అంది. ఆమె కళ్లలో కోపం లేదు, చెప్పాను అనమని బతిమాలుతున్నట్టే ఉన్నాయి. చెప్పానక్కా, నువ్వన్న మాటే అన్నాను అంటే చాలు, అక్క మళ్లీ అతనిదవుతుంది. ఆమె వెంటనే ఏం మాట అన్నావురా అని అడుగుతుంది. అతను చెప్తాడు. చుట్టూ మోళ్లున్నాయి. ఆమె వాటి మధ్యే కూర్చుని ఉంది.

"లేదక్కా," అన్నాడు. "నిజంగానే మర్చిపోయాను."

ఆమె పెన్నుకు మూత పెట్టి ఫైలు మీద ఉంచి, కర్ర అందుకుంది. వాలు దిగేచోట నేల జారుడుగా ఉంది. అతను చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోకుండా, కర్ర నేలలో గుచ్చుకుంటూ, ఒక్కతే లేచి దిగడం మొదలుపెట్టింది.